ఇంజను లేని విమానంలో ఏముందని అడిగావు కదా

ఫ్రాంక్‌ఫర్ట్,
డిసెంబరు 7

ఒరేయ్ రాంబాబూ,

నీ మెసేజీకి వాట్సాప్‌లోనే నాలుగు ముక్కలు కొట్టి పడేద్దామనుకున్నా. నువ్వడిగిన దానికి నాలుగు ముక్కలు చాలవనిపించి కాగితం తీశాను. చేత్తో తెలుగు రాసి ఎన్నాళ్లయిందో, 'క్ష' దగ్గరకొచ్చేసరికి పెన్ను ఆగిపోయింది. నవ్వకు, నీకూ అంతే అవుతుంది.

నువ్వడిగినవి రెండు. సంక్రాంతికి డ్రోన్ కావాలని మీ బుడ్డోడు అన్నం మానేసి కూర్చున్నాడు, కొనాలా వద్దా అన్నది ఒకటి. 'ఇంజనే లేని విమానంలో ఏముందని ఆదివారాలన్నీ తగలేస్తున్నావురా' అన్నది రెండోది. ముందు రెండోదాని సంగతి చెప్తాను.

నిన్న ఇక్కడ నికోలస్ పండగ. 5 రాత్రి పిల్లలు బూట్లు తుడిచి గుమ్మం బయట పెట్టి పడుకుంటారు. పొద్దున లేచేసరికి వాటిలో చాక్లెట్లు, అక్రోట్లు, నారింజలు ఉంటాయి. మా చిన్నదాని బూట్లు ఏడాది మొత్తంలో మెరిసేది ఆ ఒక్క రాత్రే. పెద్ద కానుకలు మాత్రం 24 సాయంత్రం విప్పుతారు. వాటికోసం నెలముందు నుంచే ఇంటిల్లిపాదీ కోరికల చీటీలు రాసుకుంటారు, పెద్దవాళ్లతో సహా. మనింట్లో అయితే ఎవరికే బట్టలు తేవాలో అమ్మే చూసుకునేది, నోరు తెరిచి అడిగితే వీపు మోగేది. ఇక్కడ అడక్కపోతే ఏం కొనాలో తెలీక అవతలివాళ్లు అవస్థ పడతారు. వచ్చి పన్నెండేళ్లయినా నాకిది ఒంటబట్టలేదు. కిందటేడు చిన్నది పెన్సిల్ చేతికిచ్చి కూర్చోబెడితే, గింజుకుని గింజుకుని 'సాక్సులు' అని రాశాను.

మీ చెల్లెలు ఆ చీటీ చూసి ఏమనుకుందో, చెట్టు కింద సాక్సులతో పాటు ఒక కవరు కూడా పెట్టింది. లోపల చిన్న అట్టముక్క. ఒక మనిషికి ఒకసారి గ్లైడర్ ప్రయాణం అని రాసుంది. గ్లైడర్ అంటే నువ్వన్న ఆ ఇంజను లేని విమానమే. 'బాల్కనీలో నిలబడి దిగే విమానాలన్నీ లెక్కపెడుతుంటావు కదా, అందుకని' అంది. నేను లెక్కపెడతానని నాకే తెలీదు.

మే నెలలో వెళ్లాను. చలికాలం ఇక్కడ గ్లైడర్లు దాదాపు బయటికి రావు, నేల వేడెక్కితేనే వాటికి పని. మా ఇంటికి గంట దూరంలో చిన్న క్లబ్బు. పచ్చగడ్డి మైదానం, రేకుల షెడ్డు, పొడుగు బల్ల మీద కాఫీ ఫ్లాస్కులు, ఎవరో ఇంట్లో చేసి తెచ్చిన కేకు. తారు రోడ్డు ముక్క కూడా లేదు. ఇంకా మీసం రాని కుర్రాడొకడు ఒంటరిగా ఎగిరి దిగొచ్చి కేకు తింటున్నాడు. ఈ దేశంలో 14 ఏళ్లకి గ్లైడర్ ఒంటరిగా ఎగరెయ్యనిస్తారు, 16కి లైసెన్సు. కారు తర్వాతెప్పుడో.

నన్నెక్కించింది ఏఎస్‌కె 21 అనే రెండు సీట్ల బండి. రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకి 17 మీటర్లు. ముందు సీట్లో కూర్చోగానే, అద్దం మీద సరిగ్గా కళ్లెదురుగా బెత్తెడు ఎర్ర ఊలు దారం టేపుతో అంటించి కనపడింది. ఎవరి స్వెట్టర్‌దో ఊడి అంటుకుందనుకుని పీకబోయాను. వెనక సీట్లోంచి బండి నడపబోయే పెద్దాయన పక్కన నిలబడి నా బెల్టు బిగిస్తున్నాడు, చేతి మీద టప్పున ఒక్కటేశాడు. అది పరికరమట! విమానం గాలికెదురుగా తిన్నగా పోతోందో, పక్కకి జారుతోందో చెప్పేది అదే. దారం మధ్యలో ఉంటే అంతా సవ్యం. నాలుగు కార్ల ఖరీదు చేసే బండికి నాలుగు పైసల ఊలు ముక్క కొలబద్ద. నాకు ఆ బండి మీద మనసు పడింది అక్కడే అనుకుంటా, ఇంకా నేల మీద ఉండగానే.

మైదానం ఆ చివర తాడు చుట్టే మోటారు ఉంటుంది. తాడు ఈ కొస మన బండి కింద కొక్కేనికి తగిలిస్తారు. ఒక పిల్ల రెక్క కొస పట్టుకుని పరిగెత్తింది, నాలుగడుగులు వేసిందో లేదో రెక్క తన చేతిలోంచి వెళ్లిపోయింది. ఆ తర్వాత నాకు ఆకాశం తప్ప ఏమీ కనపడలేదు. బావిలోంచి చేదని ఎవరో ఒక్క గుంజు గుంజినట్టు, వీపు సీటుకి అతుక్కుపోయింది. నలభై సెకన్లలో 350 మీటర్లు. ఎక్కడో కింద టక్‌మని చప్పుడు. తాడు వదిలేసింది.

అందరూ నిశ్శబ్దం, నిశ్శబ్దం అంటారు గానీ గాలి చప్పుడు ఉంటుంది. సైకిలు తొక్కడం మానేసి రైలు గేటు దగ్గర డౌన్‌లో పోతుంటే చెవుల్లో వినపడేది చూడు, అచ్చం అదే. వేగం పెరిగితే అదీ పెరుగుతుంది. ఆరితేరినవాళ్లు మీటరు వైపు చూడకుండానే ఆ చప్పుడుతో వేగం పోల్చుకుంటారు.

ఒక ఊరి పెంకుటిళ్ల మీదకి రాగానే సీటు కిందనుంచి ఎవరో భుజం పెట్టి నెట్టినట్టయింది. వేరియోమీటర్ అని ఒక డబ్బా ఉంటుంది, పైకి పోతుంటే పీ పీ పీ అని కూస్తుంది. అది గోల మొదలెట్టింది. పెద్దాయన రెక్క వాల్చి అక్కడే చుట్టు తిప్పడం మొదలెట్టాడు. రెండో చుట్టులో అనుకుంటా, రెక్క కొస అవతల ఒక గద్ద. ఇక్కడివి ఇటుక రంగులో ఉంటాయి, తోక మాత్రం మన నల్లగద్ద తోకలాగే చీలి ఉంటుంది. అదీ మాతోనే తిరుగుతోంది, మేం తిరిగే వైపుకే. ఒకసారి తల తిప్పి నన్ను చూసింది. రెక్క ఆడించలేదు.

నీకు గుర్తుందా, కాలవలు కట్టేసిన ఎండాకాలం మధ్యాహ్నాలు? గట్టు మీద తుమ్మచెట్టు కింద వెల్లకిలా పడుకుని, గద్ద రెక్క ఆడించకుండా ఎన్ని చుట్లు కొడుతుందో పందెం వేసేవాళ్లం. పుల్లైసు పందెం. నువ్వు 42 అన్నావొకసారి. నేను 31 లెక్కపెట్టాను. నువ్వు మధ్యలో కునుకు తీశావని నాకిప్పటికీ అనుమానం. అప్పట్లో మనం అడగని ప్రశ్న ఒకటుంది, అది ఎలా పడిపోకుండా ఉంటోందని. గద్ద కాబట్టి ఎగురుతోంది అనుకున్నాం, అయిపోయింది. మన బడి గ్రౌండులో చిత్తుకాగితాలు ఎత్తుకుపోయే సుడిగాలిని దయ్యం అనుకుని పారిపోయేవాళ్లం కదా, ఆ గద్దని మోసేదీ అలాంటి గాలేనట. ఎండకి కాలిన నేల మీద వేడెక్కిన గాలి బుడగలా ఊడి పైకి లేస్తుంది. చాలా ఎత్తుకి పోయి చల్లబడితే దాని నెత్తిన దూదిపింజలా మబ్బు కడుతుంది. అలా లేచే వేడిగాలిని వీళ్లు థర్మల్ అంటారు. ఊరి పెంకులు, దున్నిన చేలు, రాళ్ల గుట్టలు తొందరగా వేడెక్కుతాయి, అడవి, చెరువు నిదానం. పైనుంచి చూస్తుంటే ఊళ్లు ఊళ్లలా కనపడవు, ఏది పొయ్యి ఏది కుండ అన్నట్టు కనపడతాయి.

ఆ మహత్తర ఘట్టంలోనే నాకు కడుపులో తిప్పింది. వద్దంటే వినకుండా పొద్దున పులిహోర లాగించి వెళ్లాను. వాళ్లిచ్చిన కాగితపు సంచీ అక్కరకొచ్చింది. మిగతా వివరాలు నీకెందుకులే. దిగాక ఆ పెద్దాయన భుజం తట్టి కాఫీ ఇచ్చి, మళ్లీ ఎప్పుడొస్తావన్నాడు. వచ్చే ఆదివారం అన్నాను.

ఇప్పుడు నీ ప్రశ్నకి వస్తా. గ్లైడర్ ఎప్పుడూ దిగుతూనే ఉంటుందిరా. నేనెక్కిన బండి ఎంత బాగా నడిపినా సెకనుకి 70 సెంటీమీటర్ల దాకా కిందకి జారుతుంది. గాలి సెకనుకి రెండు మీటర్లు పైకి లేస్తున్న చోట తిరిగితే, దిగుతూ దిగుతూనే పైకి పోతాం, పైకి పోయే ఎస్కలేటర్ మీద వెనక్కి మెట్లు దిగే కోతిపిల్లాడిలా. అలాంటి చోటు దొరక్కపోయినా రాయిలా పడిపోదు. ముందుకి 34 పాళ్లు పోతే కిందకి ఒక పాలు దిగుతుంది. గాలి కదలకుండా ఉంటే, తెనాలి మీద కిలోమీటరు ఎత్తున వదిలితే బెజవాడ దాకా జారుకుంటూ పోవచ్చు. దారిలో ఒకటో రెండో మంచి థర్మల్స్ తగిలితే ఏలూరు. ఆఫీసులో రోజంతా మీట నొక్కితే అయిపోయే పనులు చేసే నాకు, మీట అంటూ లేని ఆ గంట అలా పట్టుకుంది. పైన వెతుక్కోవాలి. మబ్బు అడుగు నల్లగా, చదునుగా ఉందా, అంచులు చిరుగుతున్నాయా, గద్ద ఎక్కడుంది, అవతలి గ్లైడర్ ఎటు తిరుగుతోంది. ఆ సేపు ఇంటి అప్పు కూడా గుర్తుకు రాదు.

జూలైలో వాసర్‌కుప్పె కొండకి వెళ్లాం ముగ్గురం. ఎత్తు 950 మీటర్లు, పైన బోడి గడ్డి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీకి ఇంజను విమానాల మీద ఆంక్షలు పెట్టారు కదా, దాంతో కాలేజీ కుర్రాళ్లు ఇంజను లేనివాటిని మోసుకుంటూ ఈ కొండెక్కారు. 1920లో ఇక్కడ మొదటి పోటీ. 1922 ఆగస్టులో మార్టెన్స్ అనే అతను గంటకి పైగా గాల్లో ఉన్నాడు. అంతకు పదకొండేళ్ల ముందు ఓర్విల్ రైట్ పది నిమిషాల్లోపు నిలిస్తేనే ప్రపంచ రికార్డు! నాకు బాగా నచ్చింది మాత్రం మాక్స్ కేగెల్ కథ. 1926లో ఉరుముల మబ్బు అతన్ని లోపలికి పీల్చేసుకుంది. తిప్పి తిప్పి 55 కిలోమీటర్ల అవతల వదిలేసింది, బతికి బయటపడ్డాడు. అప్పటినుంచి ఆయన పేరు 'ఉరుముల మాక్స్'. అప్పటికి దూరం రికార్డూ ఆయనదే. చావబోయి రికార్డు కొట్టాడన్నమాట. ఇప్పటి లెక్కలు వేరేలే. 2018 సెప్టెంబరులో అర్జెంటీనాలో పెర్లాన్ 2 అనే గ్లైడర్ ఆండీస్ కొండల మీద లేచే గాలి అలలు పట్టుకుని 23 కిలోమీటర్ల ఎత్తుకి పోయింది. నువ్వు హైదరాబాదు నుంచి ఎక్కే విమానం పోయే ఎత్తుకి రెట్టింపు. ఇంజను లేకుండా!

ఆ మే నెల క్లబ్బులోనే చేరిపోయాను. నేర్పేవాళ్లు జీతం తీసుకోరు, బదులుగా అందరూ చాకిరీ చెయ్యాలి. ఇరవై నిమిషాలు ఎగరడానికి రోజంతా మైదానంలో తాడు లాగడం, బండి తొయ్యడం, ఎవరెప్పుడు లేచారో పుస్తకంలో రాయడం. ఒక్కడివే వెళ్లి ఎగిరొస్తానంటే కుదరదు, రెక్క పట్టుకోడానికైనా ఒకడు కావాలి. ఇప్పుడు చలికాలం కాబట్టి శనివారాలు షెడ్డులో పని. రెక్కలు ఊడదీసి బల్లల మీద పెట్టారు. అతుకుల మీద అంటించిన టేపు పీకి, దాని పాత జిగురు గోకడం నా డ్యూటీ. గోళ్లలోంచి ఆ జిగురు వాసన సోమవారం దాకా పోదు. మొన్న అలా గోకుతుంటే రెక్క ముందు అంచున ఎండిపోయిన పురుగులు కనిపించాయి. వాటి వల్ల కూడా గాలి చెదిరి బండి తొందరగా దిగుతుందట, తడిగుడ్డతో ఒక్కొక్కటీ తుడిపించారు. దోమని కూడా లెక్కలోకి తీసుకునే వాహనం ఇంకోటుందా చెప్పు.

ఈ ఏడు చీటీ రాయడానికి నేను గింజుకోలేదు. మూడు వస్తువులు రాశాను. పైన గుండీ లేని గుడ్డ టోపీ. గుండీ ఉంటే గతుకు తగిలినప్పుడు అద్దానికి కొట్టుకుంటుంది, అద్దం కంటే ముందు నెత్తికి దిగుతుంది. పల్చటి చేతి తొడుగులు. మూడోది వాడేసిన కె 8, ఒంటి సీటు పాతబండి, చెక్కా గుడ్డా రెక్కలు, పాత కారు ధరకి దొరుకుతుంది. చిన్నది నా జర్మన్ తప్పులు ఎర్ర పెన్నుతో దిద్ది, 'మూడోది బూటులో పట్టదు' అని పక్కన రాసింది.

మీ చెల్లెలి చీటీలో ఒకటే ఉంది. 'జూన్‌లో ఒక ఆదివారం. ఎండ కాసేది.' అంతే. ఆ రోజు ఇంట్లో ఉండమని దానర్థం. ఎండ కాసేదని ప్రత్యేకంగా రాయడంలోనే ఉందిరా దెబ్బ, ఎందుకంటే వానపడే ఆదివారాలు నేనెలాగూ ఇంట్లోనే ఏడుస్తాను. కవరిచ్చి పంపింది తనే కదా అని మనసులో అనుకున్నాను, పైకి అనలేదు. ఇస్తాను. కాకపోతే ఆ రోజు తలెత్తి మబ్బులు చూడనని మాటివ్వలేను.

ఇక మీవాడి డ్రోన్. కొంటే కొను, నేను వద్దనను. మా చిన్నదానిది మూడో రోజుకే పక్కింటి చెట్టెక్కి అక్కడే ఉండిపోయింది, ఆకులు రాలాక ఇప్పుడు వంటింటి కిటికీలోంచి రోజూ కనపడుతోంది. ఏదైనా సరే, నిన్న పోస్టులో ఒక పార్సిల్ వేశాను, పండగలోపు అందాలి. బాల్సా చెక్క గ్లైడర్, విడిభాగాలు. వాడితోనే అతికించు, నువ్వు చెయ్యి పెట్టకు. విసిరితే ముక్కు పైకెత్తి, ఆగి, చతికిలబడితే ముక్కుకి చిటికెడు బంకమట్టి అద్దండి. బాణంలా నేలకి పొడిస్తే కొంచెం తీసెయ్యండి. పొలాల్లో ఇప్పుడు మినుము ఉంటుంది, తొక్కితే మీ మావయ్య ఊరుకోడు. హైస్కూలు గ్రౌండుకి పట్టుకెళ్లు. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక, నేల కాలేటప్పుడు.

చెల్లెమ్మకి నా నమస్కారాలు చెప్పు. మీవాడి గ్లైడర్ నేలకి తగలకుండా ఎన్ని చుట్లు కొట్టిందో లెక్కపెట్టి రాయి. లెక్క మాత్రం బుడ్డోడితో పెట్టించు, నీ 42 సంగతి నేనింకా మర్చిపోలేదు.

నీ
సుబ్బు