పిల్లల సఫారీ ప్యాకేజీలు: డబ్బు కట్టించుకోకముందే చెప్పవలసిన సంగతులు

సంపాదకులకు,
నమస్కారాలు.

కొన్ని వారాలుగా మీ పత్రిక చెన్నై సంచికలో ఆఫ్రికా సఫారీ యాత్రల ప్రకటనలు తరచుగా కనిపిస్తున్నాయి. ‘పిల్లలకు ప్రత్యేక కార్యక్రమాలు’ అన్న మాట ప్రతి ప్రకటనలోనూ పెద్ద అక్షరాలతో ఉంటోంది. ఆ కార్యక్రమాలు ఏమిటో, ఏ వయసు పిల్లలకో, ఏ నెలలో సాధ్యమో మాత్రం ఎక్కడా కనిపించడం లేదు. ఈ నగరంలోనే ఒక బడిలో ముప్ఫై ఏళ్లు జీవశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. నిరుడు సెప్టెంబరు చివర, పిల్లలకు క్వార్టర్లీ పరీక్షల సెలవులు ఇచ్చినప్పుడు, కొడుకు, కోడలు, ఇద్దరు మనవలతో కలిసి కెన్యా వెళ్లి వచ్చాను. మా ఇంటిల్లిపాదికీ ఎదురైన కొన్ని ఇబ్బందులు మరో తెలుగు కుటుంబానికి ఎదురుకాకూడదనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా మనవరాలికి పదకొండేళ్లు, మనవడికి అప్పటికి ఐదేళ్లు నిండి నాలుగు నెలలు. మేము డబ్బు కట్టిన ఏజెన్సీ ఇచ్చిన కాగితంలో ‘అన్ని వయసుల వారికీ అనుకూలం’ అని ఉంది. మాసాయి మారా అభయారణ్యంలోని క్యాంపుకు చేరిన రాత్రి భోజనాల దగ్గర అక్కడి మేనేజరు వచ్చి, ఇతర అతిథులతో కలిసి వెళ్లే వాహనంలో ఆరేళ్ల లోపు పిల్లలను ఎక్కించుకోవడం తమ నియమాలకు విరుద్ధమని, కావాలంటే అదనపు రుసుముతో విడి వాహనం ఏర్పాటు చేస్తామని మర్యాదగానే చెప్పారు. ఆ నియమంలో తప్పేమీ లేదు. గేమ్ డ్రైవ్, అంటే జంతువులను చూడటానికి వాహనంలో తిరగడం, మూడు నాలుగు గంటలు కుదురుగా కూర్చోవలసిన పని. సింహం పది గజాల దూరంలో ఉన్నప్పుడు పిల్లవాడు ఏడ్చినా, దిగుతానని మారాం చేసినా, ఆ వాహనంలోని వారందరికీ అపాయమే. తప్పు ఆ సంగతి తెలిసి కూడా చెప్పని వారిది. మొదటి రెండు రోజులూ కొడుకు, కోడలు, మనవరాలు వాహనంలో వెళ్లారు. నేను మనవడితో క్యాంపులో ఉండిపోయాను. మూడో రోజుకు గాని విడి వాహనం దొరకలేదు.

వయసు నియమం ఆ ఒక్క క్యాంపుకే పరిమితం కాదు. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ నేషనల్ పార్కులో రేంజర్ల వెంట కాలినడకన వెళ్లాలంటే పన్నెండేళ్లు నిండాలి. ఉగాండా, రువాండాలలో కొండ గొరిల్లాలను చూడటానికి పదిహేనేళ్ల లోపు పిల్లలను అనుమతించరు. గొరిల్లాల కోసమని పన్నెండేళ్ల పిల్లను వెంటబెట్టుకుని అంత దూరం వెళ్లిన తల్లిదండ్రులు, ఆ పిల్లను హోటలులో వదిలి తాము మాత్రం అడవిలోకి వెళ్లవలసి వస్తే, ఆ పసిమనసు ఎంత చిన్నబుచ్చుకుంటుందో వేరే చెప్పనక్కరలేదు.

అయితే నేను క్యాంపులో ఉండిపోయిన ఆ రెండు రోజులలోనే పిల్లల కార్యక్రమం అంటే ఏమిటో తెలుసుకున్నానని కూడా చెప్పాలి. ఉదయం టిఫిను అయ్యాక అక్కడి మాసాయి తెగకు చెందిన గైడు ఒకరు వచ్చి, క్యాంపు కంచె లోపలే పిల్లవాడిని తిప్పుతానన్నారు. నన్ను ‘మామా’ అని పిలిచేసరికి మా వాడు పకపకా నవ్వి, “నానమ్మా, నువ్వు మామ ఎలా అవుతావు?” అన్నాడు. స్వాహిలీలో ఆ మాటకు అమ్మ అని అర్థమని, పెద్ద వయసు ఆడవారిని అందరూ అలాగే గౌరవంగా పిలుస్తారని ఆయన వాడికి ఓపికగా చెప్పారు. అక్కడి నుంచి వాడికి మాటల మీద మనసు పడింది. సింహాన్ని ‘సింబా’ అంటారని విని, మన మాటే వాళ్లకూ ఉందని గంతులు వేశాడు. అది శబ్దంలో పోలికే గాని చుట్టరికం కాదని నేను దిద్దలేదు; దానికి ఇంకా వయసుంది. జీబ్రాను ‘పుండా మిలియా’ అంటారట, అంటే చారల గాడిద. ‘సఫారీ’ అన్న మాటకు స్వాహిలీలో ప్రయాణమనే అర్థం. అది అరబ్బీ నుంచి వచ్చింది, మన హైదరాబాదు వైపు వారు సఫర్ అనేది అదే.

ఆ గైడు వాడికి పెద్ద జంతువు ఒక్కటీ చూపలేదు. ఏనుగు పేడను పుల్లతో విడదీసి, అరగని గింజలను చూపారు. పేడపురుగు ఉండ చేసి వెనక కాళ్లతో దొర్లించుకుంటూ పోతుంటే పావుగంట సేపు నేల మీద బోర్లా పడుకుని చూశాడు మావాడు. ఇంట్లో అయితే పట్టుమని రెండు నిమిషాలు ఒకచోట నిలవడు. మన తుమ్మ జాతిదే ఒక ముళ్ల చెట్టు అక్కడ ఉంది. దాని ముళ్ల మొదళ్లు గోళీకాయల్లా ఉబ్బి ఉంటాయి. ఆ బోలు కాయలలో చీమలు కాపురం ఉంటాయి. జిరాఫీ వచ్చి ఆకుల మీద నాలుక వేయగానే అవి బయటికి వచ్చి కుడతాయి, దాంతో జిరాఫీ కాసేపు మేసి మరో చెట్టుకు పోతుంది. చెట్టు చీమలకు ఇల్లు ఇస్తే, చీమలు చెట్టుకు కాపలా కాస్తాయి. చీమలు చేసిన రంధ్రాల గుండా గాలి వీచినప్పుడు ఆ చెట్టు ఈల వేస్తుంది. తొమ్మిదో తరగతి పిల్లలకు సహజీవనం పాఠం ఏటా చెప్పిన నేను ఆ ఈల విన్నది మాత్రం అదే మొదటిసారి. మధ్యాహ్నం వాగు ఒడ్డున తడి మట్టిలో జంతువుల అడుగుజాడలు చూపి, పిల్లి జాతి జంతువులు నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి గనుక వాటి జాడలో గోటి గుర్తు ఉండదని, దుమ్ములగొండి జాడలో ఉంటుందని నేర్పారు. చీతా మాత్రం పిల్లి జాతిదే అయినా గోళ్లను పూర్తిగా ముడుచుకోలేదు గనుక దాని జాడలో గోటి గుర్తు ఉంటుందట. ఆ రాత్రి వాడు గుడారం ముందున్న ప్రతి జాడనూ టార్చిలైటు వేసి చూసి గాని పడుకోలేదు.

వాహనంలో వెళ్లిన మా మనవరాలు మాత్రం మొదటి రోజు కాస్త ముభావంగానే తిరిగి వచ్చింది. ఒక చీతా చుట్టూ వాహనాలు గుమిగూడడంతో అది వేట మానుకుని లేచిపోయిందట. ఒక జంతువు దగ్గర ఐదు వాహనాలకు మించి ఉండకూడదన్న నియమం మారాలో ఉంది. యాత్రికులు డ్రైవరును తొందరపెట్టకపోతేనే అది అమలవుతుంది. చీతా పగటి పూట వేటాడే జంతువు. ఒకప్పుడు మన దేశంలోనూ తిరిగిన జంతువే అయినా, 1952లో ఇక్కడ అంతరించిపోయినట్టు ప్రకటించారని మనవరాలికి చెప్పాను. మరునాడు తానే డ్రైవరు గారిని అడిగి, వాహనాలు తక్కువగా ఉన్న చోట నిలిపించిందని కోడలు చెప్పింది.

పిల్లల కార్యక్రమాల పేరిట అమ్మేవన్నీ ఇలాంటివి కావు. ఈ ఉత్తరంలో అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్న సంగతి ఇదే. సింహం పిల్లలను ఒళ్లో పెట్టుకుని ఫోటో దిగడం, వాటికి పాలసీసా పట్టడం దక్షిణాఫ్రికాలో కొన్నిచోట్ల యాత్రికులకు చూపే ఆకర్షణ. ఆ కూనలను పుట్టిన కొద్ది రోజులకే తల్లి నుంచి వేరు చేస్తారు. పెరిగి, ముద్దు చేయడానికి వీలులేని వయసు వచ్చాక వాటిలో చాలా వాటిని కంచె లోపల డబ్బు తీసుకుని వేటాడించేవారు ఉన్నారు, ఎముకల కోసం చంపేవారూ ఉన్నారు. ఈ వ్యాపారానికి స్వస్తి చెప్పాలని ఆ ప్రభుత్వం నియమించిన నిపుణుల సంఘమే 2021లో సిఫారసు చేసింది. ఏనుగు సవారీ కూడా అంతే. మనిషిని మోయడానికి ఏనుగును లొంగదీసే పద్ధతి ఎంత క్రూరమైనదో తెలిసిన తల్లి తన బిడ్డను దాని మీద కూర్చోబెట్టదు. ప్యాకేజీలో ఇలాంటివి ఉంటే వద్దని చెప్పాలి, డబ్బు కట్టకముందే చెప్పాలి.

దీనికి భిన్నమైనవి నైరోబీలోనే రెండు ఉన్నాయి. ఒకటి జిరాఫీ సెంటరు; దాన్ని నడిపే సంస్థను 1979లో స్థాపించారు. రోత్‌షిల్డ్ రకం జిరాఫీలను కాపాడటం దాని పని, బడిపిల్లలకు వన్యప్రాణుల గురించి నేర్పడం దాని మరో పని. పిల్లలు ఎత్తైన అరుగు మీద నిలబడి జిరాఫీలకు మేత అందించవచ్చు. రెండోది డాఫ్నీ షెల్డ్రిక్ 1977లో స్థాపించిన ట్రస్టు నడిపే అనాథ ఏనుగు పిల్లల ఆశ్రమం. అక్కడ సందర్శకులకు రోజుకు ఒక్క గంటే అనుమతి. పెరిగిన ఏనుగులను సావో అడవులలోకి తిరిగి పంపుతారు గనుక వాటిని మనుషులకు మరీ అలవాటు చేయరు. ఐదేళ్ల పిల్లవాడికి కూడా ఆ తేడా చెబితే అర్థమవుతుంది, మావాడికి అర్థమైంది.

ఇక కాలం, ఖర్చు, టీకాల సంగతి. మన పిల్లలకు పెద్ద సెలవులు ఏప్రిల్, మే నెలలలో వస్తాయి. తూర్పు ఆఫ్రికాలో మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు. నల్లరేగడి దారులు బురదమయమవుతాయి, కొన్ని క్యాంపులు మూసివేస్తారు కూడా. ఏజెన్సీలు ‘వేసవి ఆఫర్’ అని తక్కువ ధరకు అమ్మేది ఆ నెలలనే. లక్షల సంఖ్యలో వైల్డ్‌బీస్ట్ అనే జింక లాంటి జంతువులు టాంజానియాలోని సెరెంగెటి నుంచి మారా నదిని దాటి వచ్చే కాలం సాధారణంగా జూలై నుంచి అక్టోబరు దాకా. ఆ నెలలలో ధర ఎక్కువ: 2024లో మారా నేషనల్ రిజర్వులో విదేశీ పెద్దలకు ప్రవేశ రుసుము జూన్ దాకా 100 డాలర్లు, జూలై నుంచి 200 డాలర్లు అయింది, తొమ్మిది నుంచి పదిహేడేళ్ల పిల్లలకు 50 డాలర్లు, అంతకన్నా చిన్నవారికి ఉచితం. ఆ టికెట్టు పన్నెండు గంటలకే చెల్లుతుంది. మూడు రోజులకు ఐదుగురికి ఎంత అవుతుందో ఎవరైనా లెక్క వేసుకోగలరు, ఆ వివరం ముందుగా ఇస్తే.

టీకా విషయంలో మాకు ప్రాణం మీదికి వచ్చినంత పనైంది. కెన్యా నుంచి మన దేశానికి తిరిగి వచ్చేవారి దగ్గర ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్న పసుపు కార్డు ఉండాలి. టీకా వేసిన పది రోజుల తరువాత గాని ఆ కార్డు చెల్లదు. అది లేకుంటే విమానాశ్రయం నుంచి నేరుగా ఆరు రోజుల దాకా క్వారంటైనులో ఉంచవచ్చు. మా ఏజెన్సీ ఈ మాట ప్రయాణానికి రెండు వారాల ముందు చెప్పింది. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఈ టీకా వేస్తారు. వెళ్లే ముందు అపాయింట్‌మెంటు తీసుకోవాలి. అరవై దాటిన వారు టీకాకు ముందు తప్పనిసరిగా వైద్యుని సలహా తీసుకోవాలని నాకు అప్పుడే తెలిసింది. ఈ టీకాను కోడిగుడ్లలో తయారు చేస్తారు గనుక గుడ్డు పడని పిల్లల విషయంలోనూ వైద్యుని అడగాలి. తొమ్మిది నెలల లోపు పసివారికి సాధారణంగా వేయరు. మలేరియా మాత్రల మోతాదు పిల్లల బరువును బట్టి ఉంటుంది, దానికీ ముందుగానే వైద్యుని కలవాలి. మలేరియా భయం వద్దనుకునేవారికి దక్షిణాఫ్రికాలో మడిక్వే, పిలానెస్‌బర్గ్, ఆడో వంటి మలేరియా లేని అడవులు ఉన్నాయి. చిన్నపిల్లలున్న కుటుంబాలకు ఈ పేర్లు మొదట చెప్పవలసింది ఏజెన్సీలే.

చిన్న విషయాలు మరి రెండు. మారా సముద్రమట్టానికి 1,500 మీటర్లకు పైన ఉంది. తెల్లవారుజామున చెన్నై పిల్లలు వణికిపోతారు, స్వెట్టర్లు, మంకీ టోపీలు తీసుకువెళ్లాలి. కెన్యా 2017 నుంచి ప్లాస్టిక్ సంచులను నిషేధించింది గనుక, మన అలవాటు కొద్దీ జంతికలు, సున్నుండలు పాలిథీన్ కవర్లలో కట్టుకోకుండా స్టీలు డబ్బాలలో పెట్టుకోవాలి.

సంపాదకుల వారికి నా విన్నపం ఒకటి ఉంది. పిల్లల కార్యక్రమాలు ఉన్నాయని చెప్పే ప్రకటనలలో, ఆ కార్యక్రమం పేరు, కనీస వయసు, ఏ నెలలకు వర్తిస్తుంది, ఏ టీకాలు కావాలి, జంతువులను తాకించే కార్యక్రమం ఏదైనా ఉందా అన్న వివరాలు ఉండాలని మీ ప్రకటనల విభాగం అడగగలదు. రెండు పంక్తులకు మించి స్థలం పట్టదు.

మరో విన్నపం ఆంధ్రప్రదేశ్ అటవీశాఖ వారికి, మీ పత్రిక ద్వారా. తిరిగి వచ్చాక మనవలిద్దరినీ సబర్బన్ రైలులో సూళ్లూరుపేట తీసుకువెళ్లి, అక్కడి నుంచి నేలపట్టు పక్షుల అభయారణ్యం, పులికాట్ సరస్సు చూపించాను. అది మా పుట్టింటి ఊళ్ల వైపే అయినా పిల్లలు అంతవరకు చూడలేదు. నీళ్లలో నిలిచిన చెట్ల మీద గూడబాతులు పిల్లలకు చేపలు తినిపిస్తున్నాయి, సరస్సులో రాజహంసలు తలలు ముంచి మేస్తున్నాయి. అడుగుజాడలు చూపేవారు, పక్షి ముక్కు అలా ఎందుకు వంగి ఉందో పిల్లలకు తెలుగులో చెప్పేవారు మాత్రం ఆ రోజు మాకు ఎవరూ కనిపించలేదు. మా మనవడు ఒడ్డున బురదలో ఒక జాడ చూపి ఇది ఏమిటని అడిగితే నాకు తెలియలేదు. పక్కన వల బాగుచేసుకుంటున్న జాలరి ఒకాయన తల ఎత్తి అది నీటిపిల్లిదని, రాత్రిపూట చేపలకు వస్తుందని చెప్పారు. సరస్సు చుట్టూ ఉన్న జాలరి పల్లెల యువకులకు మాసాయి గైడులకు ఇచ్చినట్టు శిక్షణ ఇచ్చి, జనవరిలో జరిపే ఫ్లెమింగో పండుగ రోజులకే పరిమితం చేయకుండా, పక్షులు వచ్చి ఉండే నెలలన్నిటిలో శని, ఆదివారాలు పిల్లల కోసం నియమించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
విల్లివాక్కం, చెన్నై.