క్యాంపస్ పరిచర్య నిధి: 2024 ఆగస్టు నుంచి 2025 మే వరకు జమా ఖర్చుల వివరణ

సంఘ సభ్యులకు, కానుకలు పంపిన మిత్రులకు ప్రభువు నామంలో వందనాలు. టెక్సాస్ రాష్ట్రం ప్లేనోలోని కాలిన్ కాలేజీ విద్యార్థుల మధ్య జరుగుతున్న పరిచర్యకు వచ్చిన డబ్బు, అయిన ఖర్చు మీ ముందు పెడుతున్నాం. యెరూషలేము సంఘం కోసం పోగుచేసిన చందాను పౌలు కూడా ఒంటరిగా మోసుకెళ్లలేదు. సంఘాలు ఏర్పరచిన మనిషిని వెంటబెట్టుకున్నాడు. లెక్క చెప్పడం మనకు కొత్త కాదు.

జమ: కిందటి ఏటి నిల్వ 640 డాలర్లు, ఆదివారపు ప్రత్యేక కానుకలు 4,310, స్త్రీల సమాజం బిర్యానీ అమ్మకంలో సరుకుల ఖర్చు పోను మిగిలినది 1,875, రిట్రీట్‌కే (విద్యార్థుల ఆత్మీయ శిబిరానికే) వాడాలని ఒక కుటుంబం ఇచ్చినది 500. మొత్తం 7,325 డాలర్లు.

ఖర్చు: బుధవారపు భోజనాలు 3,120, రిట్రీట్ 1,350, పెట్రోలు కార్డులు 1,040, బైబిళ్లు, పాఠాల పుస్తకాలు 585, పాఠ్యపుస్తకాల సాయం 460, బ్యానరు, ముద్రణ 145. మొత్తం 6,700. నిల్వ 625.

‘దాదాపు సగం తిండికేనా?’ అని సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దాయన అడిగారు. అడగవలసిన ప్రశ్నే. యూనివర్సిటీలో హాస్టలు ఉంటుంది, రాత్రి తొమ్మిదింటికి కూడిక పెట్టినా పిల్లలు వస్తారు. కాలిన్ లాంటి, ఇళ్ల నుంచి వచ్చి చదువుకునే కమ్యూనిటీ కాలేజీలో అది కుదరదు. క్లాసు అయిందంటే కారెక్కి పనికి వెళ్తారు. పిల్లలనే మాట కూడా అందరికీ నప్పదు. బిడ్డను డేకేర్‌లో దించి వచ్చే తల్లులున్నారు. మనకు దొరికేది మధ్యాహ్నం రెండు క్లాసుల మధ్య గంట మాత్రమే. నర్సింగు చదివే అమ్మాయి ఆ దుస్తుల్లోనే వచ్చి, నిలబడే పది నిమిషాల్లో తిని, ‘సాయంత్రం డ్యూటీ ఉంది, నా కోసం ప్రార్థించండి’ అని చెప్పి వెళ్తుంది. తిండి ఆశ చూపి పిలుస్తున్నామన్న మాటతో మేం ఏకీభవించం. ఆకలితో ఉన్నవాళ్లకు పెట్టడం ఆ పరిచర్యలో భాగమే. పులిహోర మన పిల్లలకు నచ్చింది, మిగతావారు మాత్రం మిరపకాయలు ఏరుకుంటూ కూర్చున్నారు. అందుకే రశీదుల్లో పిజ్జాలు ఎక్కువ కనిపిస్తాయి.

గది అద్దె పద్దు ఎక్కడా లేదని కొందరు గమనించారు. విద్యార్థుల క్లబ్బుగా నమోదై ఉన్నందున గది ఉచితం. ప్రభుత్వ విద్యాసంస్థ ఇతర విద్యార్థి బృందాలకు గదులిస్తూ, మత బృందం అన్న కారణంతో ఒకరికి నిరాకరించకూడదని 1981లోనే అమెరికా సుప్రీంకోర్టు విడ్మార్ కేసులో తేల్చింది.

సరుకులన్నీ సంఘం కార్డుతోనే కొన్నాం. టెక్సాస్‌లో మినహాయింపు పత్రం చూపి సంఘమే చెల్లిస్తే 8.25 శాతం అమ్మకం పన్ను పడదు. ఎవరైనా సొంత కార్డు గీస్తే ఆ సౌకర్యం పోతుంది. వంట చేసినవారు, కారు నడిపినవారు ఒక్క డాలరు కూడా తీసుకోలేదు. పెట్రోలు కార్డులు తోటివారిని కారులో ఎక్కించుకొచ్చిన విద్యార్థులకే ఇచ్చాం.

బిర్యానీ కొన్న కొందరు పన్ను రశీదు అడిగారు. తిన్న బిర్యానీ విలువకు పన్ను మినహాయింపు రాదు. ధర కన్నా ఎక్కువ ఇచ్చిన మేరకే అది కానుక. 250 డాలర్లు, ఆపైన కానుక ఇచ్చినవారికి రశీదు ఉత్తరాలు జనవరిలోనే పంపాం.

రిట్రీట్ కోసం వచ్చిన 500 పూర్తిగా దానికే వెళ్లింది, మిగతా 850 సాధారణ నిధి నుంచి కలిపాం. వచ్చే ఏడు రెండు రాత్రుల బదులు ఒక శనివారమే పెట్టాలన్నది కమిటీ అభిప్రాయం. శని, ఆదివారాలు పని మానుకుంటే విద్యార్థుల జీతం పోతుంది. రాలేనివారి ఖాళీ పడకలకూ మనం డబ్బు కట్టాం.

నిల్వ 625 డాలర్లు ఆగస్టు భోజనాలకు ఉంచాం. ఓచర్ల ఫైలు జూన్ నెలంతా ఆదివారం ఆరాధన తర్వాత కోశాధికారి దగ్గర చూడవచ్చు. పాఠ్యపుస్తకాల సాయం పొందినవారి పేర్లున్న కాగితాలు మాత్రం అందులో ఉండవు. వాటిని సంఘం నియమించిన ఇద్దరు తనిఖీదారులు చూసి సంతకం చేశారు.

— క్యాంపస్ పరిచర్య కమిటీ