కంచిలి బాబాయ్ గారికీ, మిగతా అందరికీ

అమ్మ నిన్న సాయంత్రం ఇంటికొచ్చింది. జ్వరం తగ్గింది. మెడ దగ్గరి గొట్టం విశాఖలో మార్చారు. ఇక మళ్ళీ మామూలు డయాలసిస్సే. ఫోన్ చేసిన ప్రతి ఒక్కరితో మాట్లాడే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. సరిగ్గా నిద్రపోయి చాలా రోజులైంది, రాత అటూ ఇటూ పోతే ఏమనుకోకండి.

తమ్ముడు, మా ఆయన, సోంపేట పిన్ని ఉన్నారు, అన్నీ చూసుకున్నారు. థాంక్స్ అంటే తిడతారు కాబట్టి అనను.

నేను చెప్పాల్సింది కంచిలి బాబాయ్ గారి గురించి. పేరు రాయొద్దన్నారు. మాకు చుట్టమూ కాదు, మా ఊరూ కాదు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన భార్యకీ మా అమ్మకీ డయాలసిస్ ఒకే షిఫ్టులో. వారానికి మూడు సార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. లోపల మిషన్ తిరుగుతుంటే బయట బెంచీల మీద మేం ఎదురుచూస్తుంటాం. ఇంటింటా కిడ్నీ జబ్బులుండే మా ఉద్దానం వాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. అందరం ఫోన్లు చూసుకుంటుంటే ఆయనొక్కరే న్యూస్‌పేపర్ అట్ట వేసిన నవల చదువుకునేవారు. ఓ రోజు నేను ఏడుస్తుంటే ఏమిటని అడగలేదు. సంచిలోంచి ఇంకో పుస్తకం తీసి నా పక్కన పెట్టి, మళ్ళీ ఆయన చదువులో ఆయన పడిపోయారు.

అది కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'. ఒక ముసలివాడు, తప్పిపోయిన పంది, అడవి. అమ్మ మిషన్ మీద నుంచి దిగేలోపే అయిపోయింది. ఓదార్చే మాట ఒక్కటీ లేదు అందులో, నాకు నచ్చింది అందుకేనేమో. తర్వాత రావిశాస్త్రి 'అల్పజీవి' ఇచ్చారు. సుబ్బయ్య అందరికీ అంత భయపడుతుంటే మొదట విసుగొచ్చింది. ఆ వారమే అమ్మ పింఛను కాగితం పట్టుకుని ఓ ఆఫీసుకి వెళ్ళాను. సీట్లో ఉన్నాయన తల ఎత్తకుండా "పేషెంటుని తీసుకురండి" అన్నాడు. నోరు పెగల్లేదు నాకు. డయాలసిస్ వాళ్ళకి నెలకి 10,000 ఇస్తున్నారు, మంచిదే. లేవలేని మనిషిని ఆటోలో వేసుకొచ్చి చూపించాలా దానికి? ఆ రాత్రి సుబ్బయ్యని మళ్ళీ మొదటి నుంచి చదివాను.

మూడోది బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'. అందరూ గొప్పదంటారు. నాకు దయానిధి మీద ఒళ్ళు మండింది. డాక్టరు చదివినవాడు, మనసిచ్చే మనుషులున్నవాడు, అయినా తన బాధని తానే తవ్వుకుంటూ కూర్చుంటాడు. డయాలసిస్ గది బయట కూర్చున్నవాళ్ళకి అంత తీరుబడి బాధ ఎక్కదు. అమృతం ఉన్న పేజీలు మాత్రం వదల్లేకపోయాను. పుస్తకం చివర కొన్ని కాగితాలు చెదలు తినేశాయి. పోతే పోయాయిలెండి అన్నాను. "ఆఖరిదాకా చదవకుండా తిట్టేస్తే ఎలాగమ్మా?" అన్నారాయన.

అంతలో అమ్మకి గొట్టం దగ్గర ఇన్ఫెక్షన్, చలిజ్వరం, విశాఖ పరుగు. అక్కడున్నప్పుడు బాబాయ్ గారు ఫోన్ చేసి, బస్సు కండక్టరు చేత ఓ కవరు పంపానన్నారు. తమ్ముడు బస్టాండు కాంప్లెక్స్‌కి వెళ్ళి తెచ్చాడు. అందులో తెల్ల కాగితాలు. చెదలు తిన్న పేజీలన్నీ నీలం బాల్‌పెన్నుతో గుండ్రంగా రాసి, పుస్తకంలో ఉన్న పేజీ నంబర్లే పైన వేశారు. ఉత్తరం ముక్క కూడా లేదు. అమ్మని లోపలికి తీసుకెళ్ళినప్పుడు ఏడవనిదాన్ని, వరండాలో ఆ కాగితాలు పట్టుకుని ఏడ్చేశాను. నర్సమ్మ కంగారుపడి అమ్మకి ఏమైనా అయిందా అని పరిగెత్తుకొచ్చింది.

ఎలా రాశారో ఆయన చెప్పలేదు, ఆయన భార్య పిన్నిగారు చెప్పారు. లైబ్రరీలో పుస్తకం ఉందట, బయటికి ఇవ్వరట. పక్క వీధిలో జిరాక్స్ తీయించుకొస్తానన్నా కుదరదన్నారట. ఆయనది బటన్ ఫోను, ఫొటో తీద్దామన్నా లేదు. అక్కడే బల్ల దగ్గర కూర్చుని రాసుకున్నారు, వాళ్ళు తలుపులేసేస్తే మర్నాడు మళ్ళీ వెళ్ళి. ఇంటి పన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం కదా మనం? కొత్త నవలలు కొనకపోతే పోయారు, ఉన్నవైనా చేతికివ్వరా? బీరువాలో పెట్టి తాళం వేసేది ఎవరి కోసం, చెదల కోసమా? సరే, ఇది ఇప్పుడు ఎందుకులెండి.

బాబాయ్ గారూ, ఆఖరిదాకా చదివాను. దయానిధి మీద నా కోపం పెద్దగా తగ్గలేదు. బెంచీ దగ్గర కలిసినప్పుడు పోట్లాడదాం. ఆ కాగితాలు మాత్రం తిరిగివ్వను.

అయ్యో, మర్చిపోయాను. అర్ధరాత్రి రక్తం ఇవ్వడానికొచ్చిన ఇచ్ఛాపురం కుర్రాళ్ళిద్దరికీ చాలా చాలా థాంక్స్, మీ నంబర్లు పోయాయి, ఒకసారి ఫోన్ చేయండి. డబ్బులు తర్వాత ఇద్దురులే అన్న అంబులెన్స్ తమ్ముడికీ, సెంటర్‌లో టెక్నీషియన్ చెల్లికీ కూడా. మా వీధి చివరి ఇంటి అత్తగారు అన్ని రోజులూ మా ఆవుకి గడ్డి వేశారట, ఆ సంగతి ఇప్పుడే తెలిసింది. అత్తా, రేపు పొద్దున్నే మీ పాల కేన్ పట్టుకొస్తాను.