మీ జాబితాలో యెస్ బ్యాండ్ ర్యాంకు, పేజీలోని తప్పుల గురించి ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: మీ సంగీతం యాప్‌లోని మేటి ప్రోగ్రెసివ్ రాక్ బ్యాండ్ల జాబితాను సరిదిద్దవలసిందిగా వినతి.

ఆర్యా,

నేను మీ యాప్‌కు వార్షిక చందా కడుతున్న శ్రోతను. మీరు ఇటీవల విడుదల చేసిన పై జాబితాలో ఇంగ్లండ్‌కు చెందిన యెస్ బ్యాండ్‌ను దాదాపు అట్టడుగున పెట్టి, '1983 నాటి 90125 ఆల్బమ్‌తో పేరు తెచ్చుకున్న బృందం' అని ఒక్క ముక్కలో పరిచయం ముగించారు. అందులోని 'ఓనర్ ఆఫ్ ఎ లోన్లీ హార్ట్' 1984 జనవరిలో అమెరికాలో మొదటి స్థానానికి చేరిన మాట నిజమే, అది నాకూ నచ్చిన పాటే. కానీ అసలు ఈ బ్యాండ్‌కు ప్రోగ్రెసివ్ రాక్‌లో, అంటే సుదీర్ఘమైన, సంక్లిష్టమైన కూర్పులుండే రాక్ సంగీతంలో, చోటు సంపాదించిపెట్టిన ఆల్బమ్‌లు 1971లో వచ్చిన 'ది యెస్ ఆల్బమ్', 'ఫ్రాజైల్', ఆ మరుసటి ఏడాది వచ్చిన 'క్లోజ్ టు ది ఎడ్జ్'. మీ పరిచయంలో వాటి ఊసే లేదు.

ఎవరి పాటలను ఎన్నిసార్లు విన్నారన్నదాన్ని బట్టి ర్యాంకులు ఇచ్చామని జాబితా కింద చిన్న అక్షరాలలో రాశారు. చిక్కంతా అక్కడే ఉంది. 'క్లోజ్ టు ది ఎడ్జ్' ఆల్బమ్‌లో ఉన్నవి మూడే పాటలు. అందులో రికార్డు మొదటి వైపు మొత్తం ఆక్రమించిన పాట పద్దెనిమిది నిమిషాలకు పైగా సాగుతుంది. దాన్ని ఆసాంతం విన్నా మీ లెక్కలో ఒకటే పడుతుంది, అదే సమయంలో మూడేసి నిమిషాల పాటలు వింటే ఆరు పడతాయి. ముప్పై సెకన్లు దాటితే విన్నట్టేనని మీ సహాయ పేజీ చెబుతోంది. పక్షుల కూతలు, నీటి సవ్వడి మెల్లగా పెరుగుతూ వచ్చే ఈ పాటలో ముప్పై సెకన్లకు బ్యాండ్ గిటారిస్టు స్టీవ్ హౌ వాదన ఇంకా మొదలే కాదు. పైగా అసలు ప్రతిని, 2013లో స్టీవెన్ విల్సన్ చేసిన రీమిక్స్‌ను వేర్వేరు పాటలుగా చూపి, ఉన్న లెక్కను కూడా చీల్చారు. 'ఫ్రాజైల్'లోని 'రౌండెబౌట్' సంగతి మరీ అన్యాయం: ఎనిమిదిన్నర నిమిషాల పాటను నొక్కితే, సింగిల్ (విడిగా అమ్మే ఒంటి పాట రికార్డు) కోసం సగానికి పైగా కత్తిరించిన ప్రతి వినిపిస్తోంది.

'క్లోజ్ టు ది ఎడ్జ్' డ్రమ్మర్‌గా ఆలన్ వైట్ పేరు వేశారు. అందులో వాయించినది బిల్ బ్రూఫర్డ్. రికార్డింగు ముగిశాక ఆయన కింగ్ క్రిమ్సన్ అనే మరో బ్యాండ్‌లో చేరడంతో ఆలన్ వైట్ ఈ బృందంలోకి వచ్చారు. ఇక 1973 నాటి యెస్ ఆల్బమ్ 'టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్'ను మీరు భారతీయ భక్తి సంగీతంలో చేర్చారు. పరమహంస యోగానంద ఆత్మకథలోని ఒక పాదసూచిక చదివిన బ్యాండ్ గాయకుడు జాన్ ఆండర్సన్, శ్రుతి, స్మృతి, పురాణ, తంత్రాల ఆధారంగా దాని నాలుగు పాటలకు రూపకల్పన చేసిన మాట వాస్తవమే గానీ, అంతమాత్రాన పొద్దున్నే సుప్రభాతం పెట్టుకునేవారికి దాన్ని వినిపించడం ఇరుపక్షాలకూ న్యాయం కాదు. (అక్కడక్కడా సాగదీశారని ఆ ఆల్బమ్ అభిమానిగా నేనే అంటాను.)

ఫలానా స్థానమే ఇవ్వాలని నేను పట్టుబట్టడం లేదు. మీరు మొదట నిలిపిన పింక్ ఫ్లాయిడ్‌తోనూ నాకు పేచీ లేదు. విన్న సార్లే కొలమానమైతే జాబితాకు 'ఎక్కువమంది విన్న బ్యాండ్లు' అని పేరు మార్చండి. మేటి బ్యాండ్లన్న పేరే ఉంచదలిస్తే, విన్న నిమిషాలను లెక్కలోకి తీసుకుని, ఒకే పాట ప్రతులను కలిపి, ర్యాంకులు మళ్లీ కట్టండి. డ్రమ్మర్ పేరు, ఆల్బమ్ విభాగం, 'రౌండెబౌట్' పూర్తి ప్రతి మాత్రం వెంటనే సరిచేయవలసినవి.

వీటిలో ఏవి ఎప్పటిలోగా చేస్తారో మీ సిబ్బందిలో ఒకరి చేత జవాబు రాయించగలరు. గత ఫిర్యాదుకు వచ్చిన 'మీ అభిప్రాయం మాకు విలువైనది' అనే యాంత్రిక సందేశాన్ని నేను జవాబుగా లెక్కించలేదు.

ఇట్లు,
మీ చందాదారుడు,
హైదరాబాద్