తాతయ్య హార్మోనియం మళ్లీ పలికింది

నిన్న రాత్రి పదకొండు దాటి వీధి సద్దుమణిగాక, ఫ్యాను ఆపి, మైకు సరిచేసుకుని తాతయ్య హార్మోనియం ముందు కూర్చున్నాను. కాలితో తిత్తి తొక్కి మంద్ర షడ్జమం, అంటే కింది స్థాయి 'స', నొక్కగానే గది నిండా ఆ పాత గొంతు పరుచుకుంది. రికార్డింగు సంగతి మరిచిపోయి చాలాసేపు ఆ ఒక్క స్వరం మీదే ఉండిపోయాను. ఈ కృతజ్ఞతలు ఎప్పుడో చెప్పుకోవలసింది. ఇది పలికాకే రాయాలని ఇన్నాళ్లూ ఆగాను.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. విజయవాడలో అందరి చూపూ కృష్ణా నది మీద ఉంటే, సింగ్‌నగర్‌లోని మా ఇంటికి వరద నీళ్లు తెచ్చింది బుడమేరు వాగు. మాది కింది వాటా. గుమ్మం దాటిన నీళ్లు నడుము లోతు కావడానికి ఎంతోసేపు పట్టలేదు. పై వాటా పిన్నిగారూ, బాబాయిగారూ, ఆ నీళ్లలో మా వీణను నెత్తిన పెట్టుకుని మెట్లెక్కింది మీ అబ్బాయి. గిటారు కోసం మళ్లీ దిగిందీ అతనే. తర్వాత ఐదు రోజులు మీ ఇంట్లోనే ఉన్నాం. డ్రోన్లు పొట్లాలు జారవిడిచేదాకా మీ డబ్బాలోని బియ్యమే అందరం తిన్నాం. అడుగున ఎన్ని మిగిలాయో పిన్నిగారు ఒక్కసారి కూడా పైకి అనలేదు.

హార్మోనియాన్ని మాత్రం పైకి చేర్చలేకపోయాం. అది కాళ్లతో తొక్కే నాటకాల హార్మోనియం, ఇద్దరు పట్టినా కదలని టేకు పెట్టె. గుడివాడ చుట్టుపక్కల పద్యనాటకాలకు తాతయ్య దాని మీదే రాగాలు అందించేవాడు. నేను సరిగమలు నేర్చుకున్నదీ దాని మీదే. నీళ్లు తీశాక మూత ఎత్తి చూస్తే వేళ్లతో నొక్కే మెట్ల సందుల్లో బురద పేరుకుని ఉంది. ఏది నొక్కినా పైకి లేవలేదు.

నా పాటల పుస్తకాలు కూడా తడిశాయి. డాబా మీద తీగకు బట్టల క్లిప్పులతో ఒక్కొక్క కాగితాన్నీ ఆరేశాం. బాల్‌పెన్నుతో రాసినవి నిలిచాయి, జెల్ పెన్నుతో రాసినవి నీలి మరకలైపోయాయి. అలా పోయిన మూడు పాటల్లో రెండింటిని నా దగ్గర గిటారు నేర్చుకునే పిల్లలు చరణాలతో సహా పాడి రాయించారు. ఒక చరణంలో నేను రాసిన మాట వాళ్ల నోట మారింది. మారిన మాటే బాగుంది, దాన్నే ఉంచాను. పిల్లలూ, ఆ పాట రచనలో మీ పేర్లు కూడా వేస్తున్నాను.

ఇంకా విడుదల చేయని ఆరు పాటల ట్రాకులన్నీ ఒకే హార్డ్‌డిస్కులో ఉండేవి. రాసేది, బాణీ కట్టేది, పాడేది, వీణ, గిటారు, కంజీర వాయించేది అన్నీ నేనే కనుక ఒక్కొక్క పాటకు ముప్పై నలభై ట్రాకులు అవుతాయి. ఆ డిస్కు కూడా నీళ్లలో మునిగింది. హైదరాబాదులో డేటా తీసే పని చేసే ఒక తమ్ముడు నా పాటల శ్రోత అట. 'కరెంటు పెట్టకండి అక్కా, ఆరబెట్టకండి, ఉన్నది ఉన్నట్టు పంపండి' అని ఫోనులో ముందే హెచ్చరించాడు. ఆ ఒక్క మాటతోనే సగం పని జరిగింది. ఆరింటిలో నాలుగు పాటలు తిరిగి వచ్చాయి.

కచేరీలు లేని ఆ నెలల్లో ఇల్లు గడిచిందంటే పాత పాటల రాయల్టీ ఒక ఆసరా. దానికి మా గురువుగారికి దండం పెట్టుకోవాలి. చాలా ఏళ్ల కిందట ఒక సంస్థ నా మొదటి ఐదు పాటలకు ఒకేసారి కొంత డబ్బిచ్చి హక్కులన్నీ రాయించుకోబోయింది. 'సంతకం పెట్టకు' అని ఆపింది ఆయనే. పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి వచ్చే రాయల్టీకి 2012 కాపీరైట్ సవరణ ఎలాంటి రక్షణ ఇచ్చిందో కూర్చోబెట్టి చెప్పి, పాటల రాయల్టీ వసూలు చేసి రచయితలకు, బాణీ కట్టినవారికి పంచే ఐపీఆర్‌ఎస్ అనే సంఘంలో సభ్యత్వానికి దరఖాస్తు దగ్గరుండి నింపించారు. అప్పుడు అది నాకు కాగితాల గొడవలా అనిపించింది.

ఇక శ్రోతలు. వరంగల్ నుంచి, మస్కట్ నుంచి, డాలస్ నుంచి డబ్బు పంపారు. చాలామంది పంపింది నూట పదహార్లు. పెళ్లిలో చదివించినట్టు, పేరంటంలో చేతిలో పెట్టినట్టు. ఆ పదహార్లు చూసినప్పుడల్లా కళ్లు తడిసేవి. ఆ డబ్బుతో మైకు, దాన్ని కంప్యూటరుకు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్, రెండు హార్డ్‌డిస్కులు కొన్నాను. మిగిలినదాంతో మా వీధిలోనే తబలాలు పాడైపోయిన ఒక కళాకారుడికి కొత్త జత చేయించాం. మీలో ఎవరడిగినా రసీదులన్నీ పంపిస్తాను.

అందరికన్నా ఎక్కువ రుణపడింది తెనాలిలో హార్మోనియాలు బాగుచేసే పెద్దాయనకు. తాతయ్య పెట్టెకు 42 మెట్లు, రెండు వరుసలు, మొత్తం 84 రీడ్లు, అంటే గాలికి పలికే ఇత్తడి నాలుకలు. ఒక్కొక్కటీ ఊడదీసి, చిలుము వదిలేదాకా మెత్తటి బ్రష్షుతో తోమి, మళ్లీ శ్రుతి చేశారు. నేను వెళ్లినప్పుడల్లా పక్కన కూర్చోబెట్టుకుని చూపించేవారు. ఇత్తడి నాలుక కొసన గీకితే స్వరం పెరుగుతుంది, మొదట్లో గీకితే తగ్గుతుంది. వెంట్రుకవాసి ఎక్కువ గీకినా మళ్లీ మొదటికి వస్తుంది. కళ్లద్దాలు ముక్కు మీదికి జారినా చేయి వణకలేదు.

ఒకరోజు నన్ను పాడమన్నారు. నేను ఐదున్నర శ్రుతిలో మెల్లగా అందుకున్నాను. విని, 'ఇది మైదానంలో చివరి వరుసకు వినబడాలని కట్టిన పెట్టె అమ్మా. నువ్వేమో మైకు పక్కన చెవిలో చెప్పినట్టు పాడతావు. గాలి కాస్త తగ్గించమంటావా?' అని అడిగారు. నా పాట ఎలా ఉంటుందో అంత సూటిగా ఎవరూ చెప్పలేదు. గాలి తగ్గించవద్దని, తాతయ్య గొంతు అలాగే ఉంచమని చెప్పాను. నవ్వి ఊరుకున్నారు. పని పూర్తయ్యాక తోలుకూ మైనానికీ అయిన డబ్బు తీసుకున్నారు, కూలి మాత్రం ముట్టుకోలేదు.

మంద్ర పంచమం, అంటే కింది 'ప', రీడు విరిగిపోతే తన పాత డబ్బాలోంచి మరొకటి వెతికి వేశారు. అది మిగతావాటికన్నా కొంచెం జీరగా పలుకుతుంది. నిన్న రాత్రి రికార్డు చేసిన పాట పల్లవి ఆ స్వరం మీదే వాలుతుంది. ఆదివారం తెనాలి వెళ్తున్నాను. ఎవరికన్నా ముందు ఆయనకే వినిపించాలి.