ఏటా వచ్చే వాన అకాల వర్షమా?

సంపాదకులు గారికి,

ఏప్రిల్ వచ్చిందంటే చాలు, మీ పేపర్ జిల్లా పేజీలో ‘అకాల వర్షం’ అనే మాట కనిపిస్తుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఎండాకాలంలో గాలిదుమారం రాని ఏడు లేదు, మరి అకాలం ఎలా అవుతుంది?

అసలు దాని కాలమే అది. పొద్దంతా నేల కాగుతుంది, బంగాళాఖాతం మీంచి తేమ గాలి, వాయవ్యం నుంచి పొడిగాలి వచ్చి కలుస్తాయి, మీరు వాతావరణ వార్తల్లో ‘ద్రోణి’ అని రాసేది చాలాసార్లు ఈ కలిసే చోటే. సాయంత్రానికి మబ్బు నిట్టనిలువుగా లేస్తుంది. దాంట్లోంచి పడే చినుకులు కొన్ని దారిలోనే ఆవిరైపోయి గాలిని చల్లబరుస్తాయి, ఆ గాలి బరువెక్కి దబ్బున దిగి, బిందె బోర్లిస్తే నీళ్లు పారినట్టు నలుదిక్కులా పరుచుకుంటుంది. అందుకే వానకంటే ముందు దుమ్ము వస్తుంది. బెంగాలీలు దీన్ని కాలబైశాఖి అంటారు, పేరులోనే వైశాఖం ఉంది.

పోయిన యాసంగిలో మా వడ్లు తేమ 17 శాతానికి దిగలేదని కొనుగోలు కేంద్రంలో పదకొండు రోజులు ఆరబోశాం. పన్నెండో రోజు సాయంత్రం గాలి లేచింది. నేను, మా ఆవిడ, పక్క కుప్పాయన టార్పాలిన్ పట్టా మూలలు పట్టుకున్నాం, అది గొడుగులా ఉబ్బి చేతుల్లోంచి లాక్కుపోయి కరెంటు తీగల మీద పడింది. వాన కురిసింది పావుగంటే, కుప్ప అడుగున మాత్రం మూడో రోజుకు మొలకలొచ్చాయి. పట్టా మీద పెట్టడానికి నాలుగు ఇసుక బస్తాలైనా ఉంచలేదేమని కేంద్రం వాళ్లను అడిగితే, ‘అకాల వర్షం కదా, ఎవరేం చేస్తారు’ అన్నారు. నా కోపం వాన మీద కాదు, ఆ మాట మీద.

2024 మే 26న ఒక్క సాయంత్రం గాలివానకు తెలంగాణలో పది మందికి పైగా పోయారు, నాగర్‌కర్నూల్ జిల్లాలో కడుతున్న కోళ్ల షెడ్డు కూలి నలుగురు. అదే నెల 13న ముంబై ఘాట్కోపర్‌లో హోర్డింగ్ పడి 17 మంది. 40 అడుగులు దాటకూడని చోట 120 అడుగులది నిలబెట్టారు, దానికీ అకాలమే కారణమా?

వాతావరణ శాఖ రాబోయే మూడు గంటలకు హెచ్చరిక పంపుతోంది, సంతోషం, కానీ కప్పడానికి మంచి పట్టా ఉండాలి కదా. మార్చి దాటకముందే కేంద్రాలకు పట్టాలు, బస్తాలు, తాళ్లు చేర్చమనండి. మీరు కూడా ‘అకాల’ అనడం మానేసి ‘ఎండాకాలపు గాలివాన’ అని రాయండి.

ఒక వరి రైతు, జగిత్యాల జిల్లా