మైపాడు తీరానికి కూడా వాతావరణ కబురు పంపండి: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

మైపాడు బీచ్‌లో అన్నం, చేపల పులుసు అమ్ముకునే చిన్న హోటల్ మాది. అలల ఎత్తు, గాలి వేగం చూపించే బోర్డు పెడతామని స్తంభం పాతి వెళ్లారు. బోర్డు రాలేదు. మూడుసార్లు అర్జీ ఇచ్చాం. మూడు రసీదులూ నా దగ్గరే ఉన్నాయి.

అయ్యా, మా సీజనూ తుఫాన్ల సీజనూ ఒకటే. కార్తీకంలో సముద్ర స్నానాలకు జనం వస్తేనే మాకు నాలుగు డబ్బులు. బంగాళాఖాతంలో వాయుగుండాలు పట్టేదీ అప్పుడే.

మొన్నటి కార్తీకంలో ఆదివారం రద్దీ ఉంటుందని శనివారం అప్పు తెచ్చి పదిహేను కిలోల వంజరం, రొయ్యలు కొన్నాను. మా ఆడబిడ్డ రాత్రి పొద్దుపోయేదాకా మసాలా నూరింది. తెల్లారేసరికి తాళ్లు కట్టి బీచ్ మూసేశారు. నెల్లూరు నుంచి వచ్చిన బండ్లు ఊరి బయటి నుంచే తిరిగిపోయాయి. మూయడం తప్పని నేను అనను, ప్రాణం ముందు వ్యాపారమెంత! కానీ ఆ అల్పపీడనం గురించి గురువారం నుంచే చెబుతున్నారట. మాకు దక్షిణాన కృష్ణపట్నం ఓడరేవులో ప్రమాద సూచిక ఎగరేస్తే ఓడల వాళ్లు సరుకు ఎప్పుడు దించాలో, లంగరు ఎక్కడ వేయాలో చూసుకుంటారు. అదే సముద్రం, అదే గాలి. ఆ మాట మాకూ శుక్రవారం తెలిసి ఉంటే నేను ఆ చేపలు కొనేదాన్నా? ఐస్ కరిగిపోయి సగం పారబోశాను సార్.

సోమవారం ఎండ కాసింది. హెచ్చరిక ఎత్తేశారని టీవీలో చెప్పారు. తాళ్లు మాత్రం గురువారం దాకా విప్పలేదు. అడిగితే పైనుంచి ఆర్డర్ రావాలన్నారు. ఆ నాలుగు రోజుల వడ్డీ ఇప్పటికీ కడుతున్నాను.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ వాళ్లు అలల ఎత్తు ముందే లెక్కగట్టి చెబుతారు. ఎక్కడో దూరాన పుట్టిన పెద్ద అలలు, ఇక్కడ ఆకాశం తేటగా ఉన్నా, ఒడ్డు మీదికి వస్తాయని కూడా హెచ్చరిస్తారు. అలాంటి రోజునే జనం భయం లేకుండా పిల్లల్ని తీసుకుని నీళ్లలోకి దిగుతారు. వాళ్లకు చెప్పేదెవరు? ఒడ్డున ఉండే మేమే చెప్పాలి. ముందు మాకు తెలియాలి కదా.

దయచేసి ఆ బోర్డు పెట్టించండి. ఎప్పుడు మూస్తారో, ఎప్పుడు తెరుస్తారో రెండూ ముందుగా తెలుగులో చెప్పించండి. బోర్డు ఆలస్యమైతే కనీసం ఫోన్లకు మెసేజ్ పంపించండి. ఒడ్డున ఉన్న అంగళ్ల వాళ్లందరి నంబర్లూ ఆ మూడు అర్జీల్లో రాసే ఇచ్చాం.

ఇట్లు,
మైపాడు తీరంలో హోటల్ నడుపుకునే ఒక మహిళ